పది గడపల పరుగు

"ఆడపిల్ల గడప దాటింది" అనే మాట మన పెద్దవాళ్ళ నోట ఎప్పుడూ మంచి అర్థంలో వచ్చేది కాదు. పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళేటప్పుడు ఒక్కసారి దాటితే చాలుననేవారు. అలాంటిది, గడపలు దాటడమే పనిగా పెట్టుకుని, అందులోనే పేరూ బతుకుతెరువూ సంపాదించుకున్న అమ్మాయి మన విశాఖపట్నంలోనే పుట్టింది. ఒకటీ రెండూ కాదు, 13 సెకండ్లలోపు పది గడపలు దాటుతుంది. ఆమె పేరు యర్రాజి జ్యోతి. ఆమె పరుగెత్తేది 100 మీటర్ల హర్డిల్స్ పందెం.

జ్యోతికి పతకం వచ్చిన రోజున పేపర్లో ఫొటో చూసి "ఆహా, మన ఊరి పిల్లే" అని సంతోషిస్తాం. మర్నాడు మరిచిపోతాం. తప్పులేదు, మన పనులు మనవి. కాని ఆ పతకం వెనక ఏమేం కావలసి వచ్చిందో తెలుసుకుంటే, మన ఇంట్లో పదమూడేళ్ళ పిల్ల "అమ్మా, సాయంత్రం గ్రౌండుకి వెళ్తానే" అన్నప్పుడు మనం ఇచ్చే జవాబు కాస్త మారుతుందేమో. అందుకే ఈవేళ ఈ అమ్మాయి సంగతి చెప్పుకుందాం.

పందెం సంగతి

హర్డిల్స్ అంటే ఏమిటో ముందు చూద్దాం. టీవీలో మనకి కనిపించేది ఎనిమిదిమంది ఒక్కసారిగా లేవడం, టపటపా ఎగురుకుంటూ వెళ్ళిపోవడం, అంతే. పొయ్యిమీద పాలు చూసి వచ్చేలోపు అయిపోతుంది. కాని దానిలో లెక్క చాలా ఉందండీ.

దూరం 100 మీటర్లు. దారిలో పది హర్డిల్స్ నిలబెట్టి ఉంటాయి. ఒక్కొక్కదాని ఎత్తు 83.8 సెంటీమీటర్లు, అంటే 33 అంగుళాలు. మన వంటింట్లో గ్యాసు పొయ్యి పెట్టుకునే గట్టు ఉంటుంది చూడండి, ఇంచుమించు అంత ఎత్తు. మొదటిది బయలుదేరిన చోటుకి 13 మీటర్ల దూరంలో ఉంటుంది. ఆ తరువాత ప్రతి 8.5 మీటర్లకీ ఒకటి. చివరిది దాటాక ఇంకో 10.5 మీటర్లు పరుగెత్తాలి.

దీన్ని గెంతడం అనుకుంటాం గాని, నిజానికి గెంతకూడదు. పైకి ఎంత లేస్తే అంత ఆలస్యం. హర్డిల్‌కి సుమారు రెండు మీటర్ల ముందే నేల విడిచి, దానిమీదుగా రాసుకుంటున్నట్టు వెళ్ళి, అవతల ఒక మీటరు దూరంలో కాలు ఆనించాలి. ఆనించిన చోటునించి మళ్ళీ లేచే చోటికి మూడే అంగలు. నాలుగో అంగ గడప మీదుగా. సంగీతం నేర్చుకున్నవాళ్ళు తకధిమి, తకధిమి అని లెక్కపెట్టుకోవచ్చు. పది ఆవృత్తాల్లో ఒక్కచోట తాళం తప్పినా పందెం పోయినట్టే. కాలు తగిలి హర్డిల్ పడిపోతే తప్పు కాదు, కావాలని తొయ్యకూడదు, అంతే. కాని తగిలినప్పుడల్లా వేగం తగ్గుతుంది.

ఆడవాళ్ళకి ఈ పందెం మొదట 80 మీటర్లే ఉండేది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ నుంచి 100 మీటర్లు చేశారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లు పరుగెత్తిన ఆడవాళ్ళు అలిసిపోయారని గగ్గోలుపెట్టి, ఆ పందాన్ని ఆడవాళ్ళకి 1960 దాకా లేకుండా చేశారు. పందెం చివర మగవాళ్ళు మాత్రం అలిసిపోరుటండీ? "ఆడపిల్లలు తట్టుకోలేరు" అన్న మాట మన ఊళ్ళోనే పుట్టింది కాదన్నమాట.

పుట్టిన ఊరు, పెరిగిన తీరు

జ్యోతి 1999 ఆగస్టు 28న విశాఖపట్నంలో పుట్టింది. తండ్రి ప్రయివేటు సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్ళల్లో పని చేస్తూ, ఒక ఆసుపత్రిలో శుభ్రం చేసే పని కూడా చేసేది. తెల్లారేసరికి ఇద్దరూ పనికి పోయే ఇల్లు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. అలాంటి ఇళ్ళల్లో కాస్త పెద్దదైన ఆడపిల్లని చంటివాళ్ళకి కాపలా పెట్టి, చదువు మానిపించడం మనం చూస్తూనే ఉన్నాం. ఆ తల్లి అలా చెయ్యలేదు. ఈ కథలో మొదటి గడప అదే, దాన్ని దాటింది ఆ తల్లి.

పిల్ల మన పోర్టు హైస్కూల్లో చదివింది. పొడుగ్గా, కాళ్ళు బారుగా ఉండే ఆ పిల్లని చూసి హర్డిల్స్‌కి పనికొస్తుందని గుర్తించింది స్కూల్లో వ్యాయామం నేర్పే ఉపాధ్యాయుడు. మన వాళ్ళయితే "తాటిచెట్టులా ఎదిగిపోతోంది, వరుణ్ణి ఎక్కడ వెతకాలి" అని బెంగపడిపోయే పొడుగే, ఆయన కంటికి వరమై కనిపించింది. చూసే కంటిలో అంత తేడా ఉంటుంది.

2015లో రాష్ట్రంలోని జిల్లాల మధ్య పోటీల్లో బంగారు పతకం వచ్చింది. ఆ మరుసటేడు, 2016లో, హైదరాబాదులో స్పోర్ట్స్ అథారిటీ వారి హాస్టల్లో చేరింది. అక్కడ నేర్పినవారు ద్రోణాచార్య పురస్కారం పొందిన నాగపురి రమేష్ గారు. తరువాత గుంటూరులో కొంతకాలం. ఆ తరువాత భువనేశ్వర్‌లో ఒడిశా ప్రభుత్వమూ రిలయన్స్ ఫౌండేషనూ కలిసి నడిపే కేంద్రంలో, ఇంగ్లండు నుంచి వచ్చిన జేమ్స్ హిల్లియర్ అనే కోచ్ దగ్గర చేరింది. పదిహేడేళ్ళ పిల్ల ఇల్లు వదిలి, ఊరు వదిలి, భాష కూడా వదిలి ఉండడం అంటే మాటలు కాదు.

కొట్టినా దక్కని రికార్డు

మన దేశంలో ఆడవాళ్ళ 100 మీటర్ల హర్డిల్స్‌కి ఒడిశాకి చెందిన అనురాధా బిస్వాల్ 2002లో 13.38 సెకండ్లతో రికార్డు పెట్టింది. చాలా ఏళ్ళపాటు దాన్ని ఎవరూ కదపలేకపోయారు.

2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో విశ్వవిద్యాలయాల పోటీలు జరిగాయి. జ్యోతి 13.03 సెకండ్లలో పరుగెత్తేసింది. పాత రికార్డుకన్నా ఎంతో మెరుగు. అయినా లెక్కలోకి రాలేదు! ఎందుకంటే, రికార్డు అంటే కేవలం గడియారం చెప్పేది కాదు. పందెం అవగానే ఆ మనిషి ఉత్ప్రేరక మందులేవీ వాడలేదని పరీక్ష జరగాలి. అథ్లెటిక్స్ సమాఖ్య తరఫున సాంకేతిక ప్రతినిధి అక్కడ ఉండాలి. ఆరోజున అవి లేవు. చేతికందిన ముద్ద నోటిదాకా రాలేదు. పరీక్ష ఏర్పాటు చెయ్యకపోవడం పరుగెత్తిన పిల్ల తప్పు కాదు. అయినా నష్టపోయింది ఆమే.

రెండోసారి 2022 ఏప్రిల్‌లో, కోజికోడులో. ఈసారి 13.09 సెకండ్లు. పరీక్షలూ అవీ అన్నీ ఉన్నాయి. గాలి అడ్డొచ్చింది. అడ్డొచ్చింది అనడం కూడా పొరపాటు, సాయం వచ్చింది. వెనకనించి గాలి వీస్తే మనిషి వేగం పెరుగుతుంది కదా, అంచేత సెకండుకి రెండు మీటర్లకు మించి గాలి ఉంటే ఆ సమయాన్ని రికార్డుకి తీసుకోరు. రెండు మీటర్లంటే గంటకి 7.2 కిలోమీటర్లు, మన బీచి రోడ్డులో సాయంత్రం చీరకొంగు ఎగిరేపాటి గాలి. కోజికోడులో ఆరోజు వచ్చింది 2.1. ఆ పదో వంతు కోసం రెండోసారీ రికార్డు పోయింది.

మీరయితే ఏం చేసేవారో గాని, నేనయితే నా రాత ఇంతే అని కూర్చునేదాన్ని. జ్యోతి ఆ మరుసటి నెలలోనే సైప్రస్ దేశంలోని లిమసోల్ వెళ్ళింది. 2022 మే 10న 13.23 సెకండ్లలో పరుగెత్తింది. మూడబిద్రి కన్నా, కోజికోడు కన్నా నెమ్మదే. కాని గాలి హద్దులో ఉంది, పరీక్షలు సరిగా జరిగాయి. 20 ఏళ్ళ రికార్డు అప్పటికి చేతికొచ్చింది. అక్కణ్ణించి ఆగలేదు. అదే నెలలో ఇంగ్లండులో 13.11, నెదర్లాండ్స్‌లో 13.04. అదే ఏడు అక్టోబరులో బెంగుళూరులో 12.82. రికార్డుకి నిలిచేలా 13 సెకండ్ల కంటే తక్కువలో ఈ పందెం ముగించిన మొదటి భారత మహిళ మన విశాఖ పిల్లే.

ఎర్ర కార్డు

2023 జులైలో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 13.09 సెకండ్లతో బంగారు పతకం తెచ్చింది. ఈ పందెంలో ఆ పోటీల్లో మన దేశానికి అదే మొదటి బంగారం. ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయాల క్రీడల్లో 12.78తో కంచు పతకం, కొత్త జాతీయ రికార్డు.

అసలు పరీక్ష అక్టోబరు 1న, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఎదురైంది. ఫైనలు. పక్క వరసలో చైనా అమ్మాయి వు యానీ. పిస్తోలు పేలకముందే వు కదిలిపోయింది. పక్కన మనిషి కదిలితే మనమూ ఉలిక్కిపడి కదలడం సహజం కదా, జ్యోతీ కదిలింది. అధికారులు మొదట జ్యోతిని కూడా తప్పుపట్టారు, పందెంనించి తప్పుకోమన్నారు. ఊరు కాని ఊరు, చూసేవాళ్ళంతా వాళ్ళ జనం. జ్యోతి తల వంచుకుని వెళ్ళిపోలేదు. ముందు కదిలింది నేను కాదు, బొమ్మ మళ్ళీ వేసి చూడండి అని గట్టిగా నిలబడింది. చివరికి ఇద్దర్నీ పరుగెత్తనిచ్చి, తీర్పు తరువాత చెబుతామన్నారు.

ఆ మనస్సుతో పది గడపలు దాటాలంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. 12.91 సెకండ్లలో మూడోదిగా వచ్చింది. ఆ తరువాత నిబంధన ప్రకారం వు యానీని పోటీ నించి తొలగించారు. జ్యోతి చేతికి వెండి పతకం వచ్చింది. తనది తప్పు కానప్పుడు, గొంతు పెద్దది చెయ్యకుండా, చోటు వదలకుండా నిలబడి అడగడం మన ఆడపిల్లలకి ఇంట్లో మనం నేర్పుతున్నామా? ఎదురు చెప్పకు అని మాత్రం రోజూ నేర్పుతాం.

నూరో వంతు సెకండు

2024 పారిస్ ఒలింపిక్స్‌కి నేరుగా అర్హత కావాలంటే 12.77 సెకండ్లు పరుగెత్తాలి. జ్యోతి రికార్డు 12.78. ఆ ఏడు మే నెలలో ఫిన్లండులో మళ్ళీ అదే 12.78! నూరో వంతు సెకండు తక్కువైంది. ఆ వేగంలో నూరో వంతు సెకండుకి మనిషి కదిలే దూరం ఎంతో లెక్కవేస్తే, ఎనిమిది సెంటీమీటర్ల లోపు, మన అరచెయ్యి వెడల్పంత.

ఈ నూరో వంతు మన దేశపు ఆడవాళ్ళకి కొత్త కాదు. 1984లో లాస్ ఏంజెలిస్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉష 55.42 సెకండ్లకి నాలుగో స్థానంలో నిలిచింది. కంచు పతకం తీసుకున్న రుమేనియా ఆమెది 55.41. మన తల్లుల తరం వాళ్ళు ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుని చప్పరిస్తారు.

జ్యోతికి మాత్రం ప్రపంచ ర్యాంకు లెక్కన దారి దొరికింది. ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ పరుగెత్తిన మొదటి భారత మహిళ అయింది. మొదటి పరుగులో 13.16తో ఏడోది. పారిస్‌లో మొట్టమొదటిసారిగా, ఓడినవాళ్ళకి ఇంకో అవకాశం ఇచ్చే పరుగు ఒకటి పెట్టారు. అందులో 13.17తో నాలుగోది. అంతటితో ఆగిపోయింది. ఓడిపోయింది అని చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు. అంతదూరం వెళ్ళినవాళ్ళే అక్కడ ఓడగలరు. 2025 మే నెలలో దక్షిణ కొరియాలోని గుమిలో 12.96తో, ఆ పోటీల రికార్డు కూడా తిరగరాసి, ఆసియా బంగారం రెండోసారి తెచ్చింది.

ఆ వెంటనే మోకాలు దెబ్బతింది. మోకాలి కీలు లోపల తొడ ఎముకనీ కాలి ఎముకనీ అడ్డంగా పట్టి ఉంచే ఒక గట్టి కట్టు ఉంటుంది, ఏ.సి.ఎల్. అంటారు. అది తెగితే మామూలుగా నడవగలం గాని, ఒక్కసారి ఆగాలన్నా తిరగాలన్నా మోకాలు జారిపోతుంది. శస్త్రచికిత్స అవసరమైంది. ఆ ఏడాది టోక్యోలో జరిగిన ప్రపంచ పోటీలకి వెళ్ళలేకపోయింది. ఇలాంటి చికిత్స తరువాత మళ్ళీ మైదానంలోకి రావడానికి ఎనిమిది తొమ్మిది నెలలు, ఒక్కొక్కరికి ఏడాది కూడా పడుతుంది. ఆటనే నమ్ముకున్న మనిషికి కాలే పనిముట్టు. పనిముట్టు విరిగితే ఇల్లెలా గడుస్తుంది?

ఆటకి జీతం ఎవరిస్తారు?

మనం అడగవలసిన ప్రశ్న ఇదే. చదువుకి ఉద్యోగం ఉంది, వంటకి ఇల్లుంది. ఆటకి ఏముంది?

అమెరికాలో బేబ్ డిడ్రిక్‌సన్ అని ఒకావిడ ఉండేది. 1930లో డల్లాస్‌లో ఒక ఇన్సూరెన్సు కంపెనీ ఆవిణ్ణి ఉద్యోగంలోకి తీసుకుంది. పేరుకి స్టెనోగ్రాఫరు. అసలు పని కంపెనీ జట్టుకి బాస్కెట్‌బాల్ ఆడిపెట్టడం. అదే మనిషి 1932 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో 80 మీటర్ల హర్డిల్స్‌లోనూ బల్లెం విసరడంలోనూ బంగారు పతకాలు గెలిచింది. ఆ ఏడే ఒక కారు ప్రకటనలో ఆమె పేరూ బొమ్మా వచ్చాయని, ఆటని అమ్ముకుంటోందని, పోటీల్లోంచి కొన్నాళ్ళు పక్కన పెట్టారు. ఆట ఆడితే డబ్బు తీసుకోకూడదన్నది అప్పటి నీతి. ఆ నీతి డబ్బున్నవాళ్ళకి బాగానే ఉండేది.

ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్‌ని జీతమిచ్చి ఆడించే లీగుల్లో ఇప్పటిదాకా నిలిచినది అమెరికాలో 1997లో గాని మొదలుకాలేదు. అది కూడా వేసవి నాలుగైదు నెలలే. మిగతా కాలం పొట్టకూటికి టర్కీ, చైనా, రష్యా దేశాలు పట్టుకుపోయి ఆడినవాళ్ళు చాలామంది. మన కేరళ అమ్మాయి గీతూ అన్నా జోస్ ఆస్ట్రేలియా వెళ్ళి రింగ్‌వుడ్ హాక్స్ జట్టుకి ఆడింది. 2011లో అమెరికా లీగు వారి పరీక్షకీ వెళ్ళింది. ఆమెకి ఇక్కడ అన్నం పెట్టింది మాత్రం దక్షిణ రైల్వే ఉద్యోగం. పి.టి. ఉషకీ రైల్వేయే. మన పొరుగున శ్రీకాకుళం జిల్లానుంచి వెళ్ళి, 2000 సిడ్నీలో బరువులెత్తి మన దేశపు ఆడవాళ్ళకి మొదటి ఒలింపిక్ పతకం తెచ్చిన కరణం మల్లేశ్వరికి ఫుడ్ కార్పొరేషన్ ఉద్యోగం. మన దేశంలో ఆడవాళ్ళ ఆటని చాలాకాలం నిలబెట్టింది ఇలాంటి ప్రభుత్వ ఉద్యోగాలే.

జ్యోతి కాలానికి ఫౌండేషన్లూ, ప్రభుత్వ పథకాలూ వచ్చాయి. కోచ్, హాస్టలు, తిండి, విదేశాల్లో పోటీలకి టిక్కెట్లు, దెబ్బ తగిలితే వైద్యం, ఇవన్నీ ఒక సెక్యూరిటీ గార్డు జీతంలోంచి రావు కదా. 2025 జనవరిలో జ్యోతికి అర్జున పురస్కారం ఇచ్చారు. దానితోపాటు 15 లక్షల రూపాయలు. కాని ఒక మాట గుర్తుంచుకోవాలి. ఈ సాయమంతా పిల్ల పేరు పైకి వచ్చాకే వస్తుంది. పదమూడో ఏట, ఎవరికీ తెలియని రోజుల్లో, బూట్లూ గుడ్లూ ఆటో ఛార్జీలూ ఇంటివాళ్ళే చూసుకోవాలి. పిల్లలు ఆట మానేసేది ఎక్కువగా అక్కడే.

అమ్మలు కూడా

పెళ్ళయితే ఆట సరి అంటారా? బ్యాంకాక్‌లో జ్యోతి వెనకాల రెండో స్థానంలో వచ్చిన జపాన్ ఆవిడ అసుకా తెరాదా ఒక బిడ్డ తల్లి. 2013లో ఆట మానేసి, పాపని కని, రగ్బీ ఆడి, ఆ తరువాత 2019లో మళ్ళీ హర్డిల్స్‌కి వచ్చింది. అంతకుముందు, 1948 లండన్ ఒలింపిక్స్‌లో, నెదర్లాండ్స్‌కి చెందిన ఫానీ బ్లాంకర్స్-కోయెన్ ముప్పై ఏళ్ళ వయసులో, ఇద్దరు పిల్లల తల్లిగా, నాలుగు బంగారు పతకాలు గెలిచింది. అందులో ఒకటి హర్డిల్స్‌దే. వెళ్ళేముందు "ఇంట్లో పిల్లల్ని చూసుకోక ఈ పరుగులేమిటి" అని ఆవిణ్ణీ అన్నారు. వినని వాళ్ళు కొందరు ఉండబట్టే మనకి దారులు పడ్డాయి.

ఇంటి దగ్గర మన పని

ఇహ మన సంగతికి వద్దాం. మేము చదువుకునే రోజుల్లో ఆటల పీరియడ్ వస్తే మగపిల్లల్ని గ్రౌండుకి వదిలి, మమ్మల్ని చెట్టు కింద కూర్చోబెట్టి కుట్లూ అల్లికలూ చేయించేవారు. ఆ క్రోషియా పూలు ఇప్పటికీ మా ఇంట్లో టీవీ మీద ఉన్నాయి, బాగానే ఉన్నాయి. కాని మాలో ఎవరెంత వేగంగా పరుగెత్తగలరో ఎవరికీ తెలియకుండానే పోయింది.

మన అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. ఎండలో నల్లబడిపోతుంది, రేపు సంబంధాలు రావు. నిక్కర్లేమిటి, నలుగురూ ఏమంటారు. హాస్టల్లో ఎలాంటివాళ్ళుంటారో. మొదటి రెండిటికీ నా జవాబు ఒకటే. నలుగురూ అనేది ఎలాగూ అంటారు, అమ్మాయి ఆరోగ్యంగా ఉండి అనిపించుకోవడం మేలు. మూడోది మాత్రం కొట్టిపారెయ్యవలసిన భయం కాదు. పంపేముందు వెళ్ళి చూడండి. వార్డెను ఆడమనిషేనా, ఆడ కోచ్ ఉన్నారా, ఏదైనా జరిగితే పిల్ల ఎవరికి చెప్పుకోవాలి అని మొహమాటం లేకుండా అడగండి. పిల్లల్ని కాపాడడానికి 2012లో పోక్సో చట్టం వచ్చింది. ఏం జరిగినా అమ్మకి చెప్పవచ్చుననే ధైర్యం మాత్రం చట్టం ఇవ్వలేదు, మనమే ఇవ్వాలి.

తర్వాత తిండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఒంట్లో రక్తం తక్కువైతే కండలకి ప్రాణవాయువు అందదు. పిల్ల నాలుగడుగులు పరుగెత్తి ఆయాసపడితే "దీనికి చేతకాదు" అంటాం. చేతకాక కాదు, రక్తం లేక. తోటకూర, గోంగూర, రాగిసంకటి, బెల్లం వేసిన నువ్వులుండ, తినేవాళ్ళయితే గుడ్డూ చేపా. మన ఊళ్ళో కవళ్ళు, కానాగంతలు పెద్ద ఖరీదు చేపలు కావు, బలం మాత్రం వంజరానికి తీసిపోదు. ఆకుకూరలో నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే పట్టదు. ముఖ్యంగా, గుడ్డు ఒకటే ఉంటే అది అబ్బాయి కంచంలోకే వెళ్ళే అలవాటు మానుకోవాలి.

నెలసరి రోజుల్లో ఆట మానక్కర్లేదు. నొప్పి లేకపోతే ఆడవచ్చు. బాగా ఆడే పిల్లకి నెలల తరబడి నెలసరి రాకపోతే మాత్రం "ఆటలు ఆడుతోంది కదా, అంతేలే" అని ఊరుకోవద్దు. ఖర్చయ్యే శక్తికి సరిపడా తినడంలేదని దాని అర్థం కావచ్చు. ఎముకలు పలచబడతాయి. డాక్టరుకి చూపించాలి.

మోకాలి కట్టు తెగడం గెంతి దిగే ఆటల్లో, ముఖ్యంగా బాస్కెట్‌బాల్ వంటి వాటిలో, మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకే ఎక్కువ. దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వంగిపోకుండా, కొద్దిగా ముడిచి మెత్తగా దిగడం చిన్నప్పుడే నేర్పితే ఆ ప్రమాదం బాగా తగ్గుతుందని వైద్యులు చెబుతున్నారు. మీ పిల్ల కోచ్‌ని "దిగడం నేర్పుతున్నారా?" అని అడగండి. ఈ అమ్మకి తెలుసే అని ఆయన కాస్త జాగ్రత్తపడతారు. హర్డిల్స్ నేర్చుకునే చిన్నపిల్లలకి మొదట తక్కువ ఎత్తువే పెట్టాలి. పద్దెనిమిదేళ్ళ లోపు ఆడపిల్లల పోటీల్లో ఎత్తు 76.2 సెంటీమీటర్లే, పెద్దవాళ్ళది కాదు.

మన ఊరు పోర్టు ఊరు, స్టీలు ఊరు, నేవీ ఊరు. కాలనీలున్న చోటల్లా ఎంతో కొంత గ్రౌండు ఉంది. సాయంత్రం అక్కడ ఆడేవాళ్ళలో అమ్మాయిలు ఎంతమందో ఒక్కసారి వెళ్ళి లెక్కపెట్టండి. ఒక్క పిల్లనే పంపడానికి భయమైతే, వీధిలో నలుగురు తల్లులు మాట్లాడుకుని నలుగురు పిల్లల్ని కలిపి పంపండి, రోజుకొకరు తోడు వెళ్ళండి. కూరగాయలు తరుక్కుంటూ కూడా గ్రౌండు గట్టుమీద కూర్చోవచ్చు. పిల్లలు పరుగెత్తుతుంటే మనకీ నాలుగడుగులు నడవబుద్ధి వేస్తుంది.

అందరు పిల్లలూ జ్యోతులు కారు. కావక్కర్లేదు. మన పిల్లల్లో ఎవరు ఏమవుతారో తెలియడానికి ముందు వాళ్ళు గ్రౌండులో అడుగు పెట్టాలి కదా. ఈసారి స్కూల్లో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళినప్పుడు, లెక్కల్లో మార్కులెన్ని అని అడిగాక, ఇంకో ప్రశ్న కూడా అడగండి: వారానికి ఎన్ని ఆటల పీరియడ్లు ఉన్నాయి, వాటిలో మా అమ్మాయిని నిజంగా ఆడనిస్తున్నారా అని.